ఏ అంచు నుంచి కొలిచావు

నాకు ముక్కు మీద కోపమని మా ఆఫీసులో అందరూ అంటారు. అననీ. ఈ దేశంలో ఏ పని ఎంత సంపద పుట్టిస్తోందో లెక్కకట్టే గణాంకాల శాఖలో ముప్పై నాలుగేళ్లుగా కూర్చున్నాను. నా చేతి మీదుగా ఒక్క అంకె తప్పు పోలేదు. అలాంటి మనిషికి ఆ మాత్రం కోపం ఉండటంలో వింతేముంది? ఎదురుగా నన్ను మేడం అంటారు, వెనకాల అంకెలమ్మ అంటారు. రెండూ నా చెవిన పడుతూనే ఉంటాయి. నిజం చెప్పాలంటే నాకు రెండోదే ఇష్టం.

నా ఉద్యోగమేమిటో ఎవరడిగినా రెండు ముక్కల్లో చెప్పేస్తాను. దేశంలో జరిగే పనంతటినీ మూడు బుట్టల్లో వేస్తాం. నేలమీద పండించేది వ్యవసాయం. వస్తువు తయారుచేసేది పరిశ్రమ. మిగిలిందంతా, అంటే బస్సు నడపడం, జుట్టు కత్తిరించడం, పాఠం చెప్పడం, రోగం నయం చేయడం, ఇవన్నీ సేవలు. ఏ ఏడాది ఏ బుట్టలో ఎంత పడిందో చూసి, నూటికి ఎన్నో పాళ్లో కడతాం. అంతే. ఆ 'అంతే' కోసం ముప్పై ఎనిమిదిమంది గుమాస్తాలు, రెండు గదుల నిండా ఫైళ్లు.

మా శాఖ పెట్టి అరవై ఏళ్లయిందని ఆ ఏడాది గోడంత చార్టు ఒకటి తయారుచేయమన్నారు. నా పదవీ విరమణకు ఇంకా ఆరు నెలలే ఉంది కాబట్టి చార్టు కింద మూలన నా పేరు అచ్చు వేయిస్తామని డైరెక్టర్ గారు మాట ఇచ్చారు. మరి ఊరుకుంటానా? నెల రోజులు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాను. మూడు గీతలు వచ్చాయి. ఆకుపచ్చ గీత వ్యవసాయం, అరవై ఏళ్ల కిందట యాభై రెండు దగ్గర మొదలై మెట్టు మెట్టుగా పదిహేడుకు దిగింది. పసుపు గీత సేవలు, ముప్పై ఒకటి నుంచి అరవై ఏడుకు ఎక్కి కూర్చుంది. నీలం గీత పరిశ్రమ. అది పదిహేడుతో మొదలై, నడిమధ్యన ముప్పై ఒకటిదాకా లేచి, తిరిగి పదహారుకు పడిపోయింది. గోడకు తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. డైరెక్టర్ గారు దాని నకలు ప్రణాళికా విభాగానికి కూడా పంపించారు.

ఆ ముచ్చట రెండు వారాలు నిలిచింది.

ఒక ఆదివారం ఉదయం మా చెల్లి వచ్చింది. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. ప్రభుత్వ ట్రైనింగ్ స్కూల్లో లేత్ టీచరు. ఇనప కడ్డీని గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కి నునుపు చేసే యంత్రం లేత్ అంటే. ఆ పనిలో దాని చెయ్యి గొప్పదని ఫ్యాక్టరీలవాళ్లంతా ఒప్పుకుంటారు. ఎప్పుడొచ్చినా ముందు వంటింట్లోకి వెళ్లి మూతలు తీసి చూసే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి సరాసరి నా దగ్గరికి వచ్చి ఒక కాగితం ముందు పెట్టింది.

"అక్కా, ఇది చదువు."

చదివాను. ప్రణాళికా విభాగం నుంచి వాళ్ల స్కూలుకు వచ్చిన ఉత్తర్వు. జాతీయ సంపదలో పరిశ్రమ వాటా సగానికి పడిపోయింది కాబట్టి యంత్రపు పని నేర్పే స్కూలు అవసరం లేదట. ఈ ఏడాది కొత్తవాళ్లను చేర్చుకోవద్దట. ఇరవై ఆరు లేతుల్నీ తుక్కు కింద వేలం వేయాలట. ఆధారం: అరవై ఏళ్ల చార్టు.

"నీ చార్టే," అంది చెల్లి.

"అయితే నన్నేం చేయమంటావే? ఉన్నదున్నట్టు గీశాను. తగ్గినదాన్ని తగ్గిందనే కదా చెప్పాలి?"

"ఎక్కడ తగ్గింది? పోయినేడు మా దగ్గర నూటపదిమంది పని నేర్చుకున్నారు. నెల తిరక్కుండా అందరూ ఉద్యోగాల్లో చేరారు. పంపుల ఫ్యాక్టరీవాళ్లు ఇంకో నలభైమందిని పంపమని నా ప్రాణం తీస్తున్నారు. సగమైపోతే ఇంతమంది ఎక్కడికి పోతున్నారు?"

"నీ నూటపదిమందితో దేశం అయిపోదు."

"నీ మూడు గీతలతో అయిపోతుందా?"

నాకు ఒళ్లు మండింది. నా అంకెల్ని ఇంట్లోవాళ్లు అనుమానించడం అదే మొదటిసారి. గొంతు పెంచాను, అది అంతకంటే పెంచింది. చివరికి అది నెమ్మదించి, తన క్లాసులో మాట్లాడే గొంతుతో అంది.

"స్కూల్లో మొదటి రోజు నేను చెప్పేది ఒక్కటే అక్కా. కొలిచేముందు ఏ అంచు నుంచి కొలుస్తున్నావో చెప్పు. అంచు తప్పయితే, వెంట్రుకవాసి కూడా తేడా రాకుండా కొలిచినా ఆ ముక్క పనికిరాదు. నువ్వు ఏ అంచు నుంచి కొలిచావు?"

"నాకు పాఠాలు చెప్పకు."

"సరే చెప్పను. రేపు నాతో పంపుల ఫ్యాక్టరీకి రా. అంతా చూసి, పరిశ్రమ సగమైందని నా మొహం మీద చెప్పు. నేను నోరు మూసుకుంటాను."

"వస్తాను. చెప్తాను కూడా," అన్నాను. కొత్తవాళ్లను చేర్చుకోవడానికి ఇంక ఇరవై ఎనిమిది రోజులుంది. దాని జీవితమంతా ఆ స్కూలే అని నాకు తెలుసు. అయినా నా పంతం నాది.

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. ఫ్యాక్టరీలో యంత్రాల గదికి వెళ్లే తలుపు పక్కన గోడకు పెద్ద చెక్క పలక ఉంది. దాని నిండా వరసగా మేకులు. లోపలికి పోయే ప్రతివాళ్లూ మెడలోని ఐడీ కార్డు తీసి మేకుకు తగిలించి పోవాలి. మెడలో రిబ్బను వేలాడుతూ ఉంటే తిరిగే లేత్ దాన్ని పట్టుకుని మనిషినే లాగేస్తుందట. కంపెనీ డైరెక్టరొచ్చినా, ఊడ్చేవాళ్లొచ్చినా అక్కడ ఆగాల్సిందే. అందరి దారీ ఆ గది మీదుగానే కాబట్టి షిఫ్టు మొత్తం ఆ పలక మీద వేలాడుతూ ఉంది.

రిబ్బన్లు రంగురంగులవి. నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నారింజ. నా సంగతి తెలిసిందే, ఏదైనా వరసగా కనిపిస్తే లెక్కపెట్టకుండా ఉండలేను. చెల్లి ఎవరితోనో మాట్లాడుతుంటే నేను లెక్కపెట్టాను. మొత్తం నాలుగువందల అరవై. నలుపు నూట నలభై ఎనిమిది. నారింజ నూట తొంభై.

"ఏం లెక్కమ్మా అది?" అంటూ ఒకాయన వచ్చాడు. మా చెల్లి దగ్గర మొట్టమొదటి బ్యాచిలో పని నేర్చుకున్న లేత్ మేస్త్రి. తల నెరిసినా చెల్లిని చూడగానే చేతులు కట్టుకుని, "నమస్తే టీచరమ్మా," అన్నాడు.

"ఈ రంగులేమిటి?" అడిగాను.

"నలుపు మా కంపెనీవాళ్లు. ఎరుపు క్యాంటీన్ కాంట్రాక్టు. ఆకుపచ్చ సరుకు మోసే లారీలవాళ్లు. తెలుపు శుభ్రం చేసేవాళ్లు. నారింజ మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ."

"నారింజవాళ్లు ఏం చేస్తారు?"

"నేను చేసే పనే," అంటూ ఆయన తన మెడలోది తీసి మేకుకు తగిలించాడు. నారింజ రిబ్బను.

నాకు అర్థం కాలేదు. "మీరు లేత్ మీద పనిచేస్తారని మా చెల్లి చెప్పిందే?"

"ఇరవై రెండేళ్లుగా అదే లేత్ మీద. తొమ్మిదేళ్ల కిందట మా సెక్షనంతటినీ సరఫరా కంపెనీకి మార్చారు. శుక్రవారం సాయంత్రం నల్ల రిబ్బను ఇచ్చేశాం, సోమవారం పొద్దున నారింజ వేసుకున్నాం. మధ్యలో రెండు రోజులు హాయిగా నిద్రపోయాం. అంతకుమించి ఏం జరగలేదమ్మా."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే ఆ సరఫరా కంపెనీ మా ఫైళ్లలో ఏ బుట్టలో ఉందో నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. వ్యాపార సేవలు. పసుపు గీత. నా కళ్లెదురుగా ఆ మనిషి మోచేతులదాకా నూనె పూసుకుని, ఉక్కు కడ్డీని చెక్కి పంపు షాఫ్టు తయారుచేస్తున్నాడు. నా చార్టులో మాత్రం జుట్టు కత్తిరించేవాళ్ల పక్కన కూర్చుని ఉన్నాడు.

క్యాంటీన్‌కి వెళ్లాం. వంట చేసే ఆవిడను అందరూ పిన్నీ అనే పిలుస్తున్నారు. ఆవిడకు ఎర్ర రిబ్బను వచ్చి పద్నాలుగేళ్లట. అంతకుముందు నలుపే.

"రంగు మారాక పనేమైనా మారిందా పిన్నీ?" అడిగాను.

"వంటలో ఉప్పు కూడా మారలేదమ్మా," అంది ఆవిడ. "గరిటె కూడా అదే. నా మోకాళ్లే మారాయి."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెల్లి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎత్తిపొడిచినా బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని. నాకు తల కొట్టేసినట్టయింది.

సరాసరి ఆఫీసుకు వెళ్లి, సరఫరా కంపెనీవాళ్లను పసుపులో వేయమన్నదెవరో చూద్దామని పాత ఫైళ్ల గది తాళం తీయించాను. సాయంత్రం నాలుగయ్యేసరికి దొరికింది, నాకు కావలసిన చీటీ. పంతొమ్మిదేళ్ల కిందటిది. ఒక గుమాస్తా అడిగాడు: సరఫరా కంపెనీ పంపగా ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లను ఏ బుట్టలో వేయాలి? కింద జవాబు. 'జీతం ఇచ్చేవాడి బుట్టలో.' మూడే మాటలు, దాని కింద పొడి అక్షరాలు. చేతిరాత నాది, సంతకం నాది.

అప్పుడు దేశం మొత్తం మీద అలాంటివాళ్లు పదకొండుమంది ఉండేవాళ్లు. ఏదో గిడ్డంగికి కాపలావాళ్లు. పదకొండుమందికి అంత ఆలోచన దేనికని అరనిమిషంలో రాసి పడేశాను. తర్వాత ఆ పదకొండు వేలయ్యాయి, లక్షలయ్యాయి. వాళ్లంతా నా మూడు మాటల వెంట నీలంలోంచి పసుపులోకి నడిచిపోయారు. ఎవరూ మళ్లీ అడగలేదు. నేనూ మళ్లీ చూడలేదు. ముప్పై నాలుగేళ్లు ఒక్క అంకె తప్పలేదని ఊరేగిన అంకెలమ్మ, అంకె దాకా రాకముందే పప్పులో కాలేసింది. ఆ గదిలో చూసినవాళ్లెవరూ లేరు కాబట్టి నేనే చెప్తున్నాను, కళ్లనీళ్లు పెట్టుకున్నాను. సిగ్గుతో కొంత, చెల్లి మీద అరిచినందుకు ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గారికి చీటీ చూపించాను. ఆయన మంచివాడే, కాకపోతే గాలి ఎటు వీస్తే అటు తల ఊపే మనిషి.

"ఇప్పుడు దీన్ని ఎవరడిగారు మేడం?" అన్నాడు. "చార్టు అచ్చుకు వెళ్తోంది. మీ పేరు కూడా ఉంది. నాలుగు నెలల్లో సన్మానం. వచ్చే ఏడాది పద్ధతి మార్పు అని చెప్పి మెల్లిగా సరిచేసుకుందాం."

"వచ్చే ఏడాదికి లేతులు తుక్కులో ఉంటాయి సార్."

"అది మన శాఖ పని కాదు కదా."

"చార్టు మన శాఖదే కదా. అచ్చు ఆపించండి. నాకు పన్నెండుమంది గుమాస్తాలు, మూడు వారాలు కావాలి."

నా గొంతులో ఏం వినిపించిందో ఏమో, ఆయన కలం తీసి సంతకం పెట్టాడు.

నలభై ఫ్యాక్టరీలు ఎంచుకున్నాం. గుమాస్తాలను గేట్ల దగ్గర నిలబెట్టాను. ఎవరు జీతం ఇస్తున్నారని కాదు, ఏ గోడ లోపల ఏం పని చేస్తున్నారని అడగమన్నాను. వాళ్ల పని విలువ కట్టించి, ఆ పాళ్లను దేశమంతటి లెక్కకూ వర్తింపజేశాను. ఒక కుర్ర గుమాస్తా ఉత్సాహంగా, "అయితే నీలం పెంచడమేగా మేడం?" అన్నాడు. వాడికి చీవాట్లు పెట్టాను. నాకు కావలసిన జవాబు కోసం లెక్క చేస్తే అది లెక్క కాదు, మా చెల్లికి చేసే మర్యాద అవుతుంది. అందుకే రెండో వైపు కూడా చూడమన్నాను. ముప్పై ఏళ్ల కిందట పెద్ద ఫ్యాక్టరీలు సొంతంగా బడులు, ఆసుపత్రులు, బస్సులు నడిపేవి. అక్కడి డాక్టర్లూ టీచర్లూ కూడా అప్పట్లో నీలంలోనే పడ్డారు. పాత ఫైళ్లలోంచి వాళ్లను తీసి పసుపులో వేయించాను. దాంతో పాత శిఖరం ముప్పై ఒకటి కాస్తా ఇరవై తొమ్మిదికి తగ్గింది. ఇప్పటి పదహారు ఇరవై నాలుగైంది. ఇరవై తొమ్మిది నుంచి ఇరవై నాలుగు. తగ్గిన మాట నిజం. సగమైన మాట అబద్ధం.

చేరికలకు ఇంకా నాలుగు రోజులుందనగా ప్రణాళికా కార్యదర్శి దగ్గర సమావేశం. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టింది ఆయనే. సన్నగా, కళ్లద్దాల పైనుంచి చూసే మనిషి. స్కూలు తరఫున మా చెల్లి వెనక వరసలో కూర్చుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది కానీ గోళ్ల కింద నూనె నలుపు అలాగే ఉంది. గోడ మీద పాత చార్టు పక్కన కొత్తది తగిలించి, జరిగిందంతా చెప్పాను.

"అంటే ఇన్నాళ్లూ మీరు మాకు ఇచ్చింది తప్పుడు లెక్కా?" అన్నాడు కార్యదర్శి.

"అంకెలు సరైనవే సార్. బుట్టలు తప్పు."

"అయితే సేవలు పెరగనట్టేనా?"

"ఎందుకు పెరగలేదు? మా అమ్మ కాలంలో జిల్లాకొక ఆసుపత్రి. ఇప్పుడు వీధికొకటి. ఫోన్లు, బ్యాంకులు, కంప్యూటర్ పనులు, అన్నీ పెరిగాయి. పెరిగినదాన్ని పెరిగిందనే చెప్తాను. కానీ ఈ పసుపులో ఎనిమిది పాళ్లు ఫ్యాక్టరీ గోడ దాటనే లేదు. అదే మనిషి, అదే యంత్రం, అదే షాఫ్టు. మెడలో రిబ్బను మారింది."

"వ్యవసాయం కూడా ఇలాగే అంటారా?"

"కొంత. ఒకప్పుడు రైతు ఇంట్లోనే జరిగిన ధాన్యం శుభ్రం చేయడం, నిల్వ చేయడం ఇప్పుడు వేరే కంపెనీలు చేస్తున్నాయి. అదెంతో నేనింకా కొలవలేదు. కొలవకుండా చెప్పను."

అప్పుడు కార్యదర్శి అసలు ప్రశ్న వేశాడు. "జీతం ఇచ్చేవాడి బుట్ట అన్న నియమం ఎవరు పెట్టారు?"

నా పక్కనే కూర్చున్న డైరెక్టర్ గారు గొంతు సవరించుకున్నారు. "అది సార్, పాత పద్ధతి, అప్పటి మార్గదర్శకాల ప్రకారం..." అంటూ నీళ్లు నమిలారు.

"పద్ధతి అంటే ఎవరు?" అన్నాడు కార్యదర్శి. "ఎవరూ పెట్టని పద్ధతి ఇవాళ దానంతటదే మారితే, రేపు మళ్లీ మారదని నేనెలా నమ్మాలి? ఈ కొత్త లెక్క మీద ఉత్తర్వు వెనక్కి తీసుకోమంటున్నారు. దేన్ని చూసి తీసుకోను?"

వెనక చెల్లి కుర్చీ కిర్రుమంది. నేను నా సంచిలోంచి ఆ చీటీ తీసి ఆయన ముందు పెట్టాను.

"దీన్ని చూసి సార్. చేతిరాత నాది. పదకొండుమంది కోసం అరనిమిషంలో రాశాను. పంతొమ్మిదేళ్లు మళ్లీ తిరిగి చూడలేదు. ఆ స్కూలు మూసేయమని మీరు ఉత్తర్వు ఇచ్చింది నా మూడు మాటల వల్ల. ఇంకెవరి తప్పూ లేదు."

చెప్పేశాక భయమేయలేదు. ఆశ్చర్యంగా, ఎప్పుడూ లేనంత ధైర్యంగా ఉంది. ఏది ఎక్కడ తప్పిందో తెలిసిన మనిషికి ఇంక దాచుకోవడానికి ఏముంది?

ఆయన చీటీ రెండుసార్లు చదివాడు. "దీని నకలు నాకొకటి కావాలి," అన్నాడు. తర్వాత స్కూలు ఉత్తర్వు తెప్పించుకుని, దాని మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన 'రద్దు' అని రాసి సంతకం పెట్టాడు.

బయటికొచ్చాక డైరెక్టర్ గారు మొహం మాడ్చుకుని, "ఇప్పుడు చార్టు మీద మీ పేరు సంగతేమిటి మేడం?" అన్నారు.

"వేయండి సార్. కొత్త గీత కిందా వేయండి, పాత గీత తప్పు కావడానికి కారణం ఎవరో రాసి దాని పక్కనా వేయండి."

ఆయన నిజంగానే వేయించారు. నా ఉద్యోగంలో నేను రాసిన ఒకే ఒక్క ఫుట్‌నోట్ అది.

కొత్త బ్యాచి చేరిన రోజు చెల్లి నన్ను స్కూలుకు రమ్మంది. వర్క్‌షాపు తలుపు దగ్గర వాళ్లకూ ఒక మేకుల పలక ఉంది. ఆఫీసు కార్డు మెడలోంచి తీసి తగిలించి లోపలికి వెళ్లాను. ఇరవై ఆరు లేతులూ వరసగా ఉన్నాయి, తుడిచి, నూనె రాసి. ఎదురుగా గోడ మీద నా పాత చార్టు. అచ్చుకెళ్లనిది, నా చేతులతో గీసింది. ఎప్పుడు ఎత్తుకొచ్చిందో మరి.

నలభైమంది కొత్తవాళ్లు నిలబడి ఉన్నారు. చెల్లి సుద్దముక్కతో చార్టు మీద నీలం గీతను చూపించింది.

"దీన్ని మా అక్క గీసింది. ఇందులో ఒక్క అంకె తప్పు లేదు. అయినా దీనివల్ల మీరెవరూ ఇవాళ ఇక్కడ ఉండేవాళ్లు కాదు."

నాకు చెవులు వేడెక్కాయి. ఇంత మంది ముందు పరువు తీయడానికా పిలిచిందని తిరిగి వెళ్లబోయాను. అది నా చెయ్యి పట్టుకుని మొదటి లేత్ దగ్గరికి లాక్కెళ్లింది. అక్కడ మెట్లు మెట్లుగా సన్నబడుతున్న, సగం చెక్కిన షాఫ్టు ఒకటి బిగించి ఉంది. నా చేతిలో వెర్నియర్ పెట్టింది. కొలిచే పనిముట్టు, ఉక్కుది, చల్లగా ఉంది.

"కొలువక్కా. ఆ మొదటి మెట్టు పొడవెంత?"

అందరూ చూస్తున్నారు. ముప్పై నాలుగేళ్లు కొలిచిన మనిషిని. వెర్నియర్ దవడలు తెరిచాను, షాఫ్టు మీదికి వంగాను, ఆగాను.

"ఏ అంచు నుంచి?" అన్నాను.

నలభైమందీ నవ్వారు. చెల్లి మాత్రం నవ్వలేదు. నా పక్కన వంగి, నల్లటి గోరుతో అంచు చూపించింది.